ఆకలేస్తే ఓటెందుకు అడిగారు?

1842 మే 2న లండన్ వీధుల్లో ఒక ఊరేగింపు వెళ్లింది. మన దగ్గర పల్లకీ మోసినట్టు కార్మికులు ఒక పెద్ద చట్రాన్ని భుజాల మీద మోసుకుంటూ నడిచారు. ఆ చట్రంలో ఉన్నది కాగితం. బ్రిటన్ పట్నాల్లో, పల్లెల్లో సేకరించిన సంతకాల కాగితాలన్నీ ఒకదానికొకటి అతికించి చుట్టిన అర్జీ అది. సంతకాల లెక్క 33,17,752. పార్లమెంటు దాకా తెచ్చాక అది ద్వారంలో పట్టలేదు. చివరికి విప్పి, ముక్కలు ముక్కలుగా లోపలికి చేరవేసి, కామన్స్ సభలో నేల మీద గుట్టగా పోశారు.

అర్జీలో ఒకచోట రెండు అంకెలు పక్కపక్కనే కనిపిస్తాయి. విక్టోరియా రాణి సొంత ఖర్చుకు రోజుకు 164 పౌండ్ల 17 షిల్లింగుల 10 పెన్నీలు. వేలాది కూలి కుటుంబాల్లో మనిషికి రోజుకు మూడు ముప్పావు పెన్నీలు. అప్పట్లో పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. ఆ లెక్క వేస్తే రాణిగారి ఒక్క రోజు ఖర్చు, పదివేల ఐదువందల మంది కూలివాళ్ల రోజు బతుక్కి సమానం. ఆ భాగహారం మాత్రం చదివేవాళ్లకే వదిలేశారు.

ఇంత ఆకలి ఏకరువు పెట్టి, చివరికి అడిగిందేమిటంటే ఓటు. 21 ఏళ్లు నిండిన ప్రతి మగవాడికీ ఓటు, రహస్య బ్యాలెట్, సమానమైన నియోజకవర్గాలు, ఎంపీ కావడానికి ఆస్తి ఉండాలన్న నిబంధన రద్దు, ఎంపీలకు జీతం, ఏటా ఎన్నికలు. ఈ ఆరు డిమాండ్ల పత్రం పేరు 'ప్రజల చార్టర్'. 1838లో అచ్చయింది. ఆ పేరు మీదే ఉద్యమానికి చార్టిజం అని, అందులోని వాళ్లకు చార్టిస్టులని పేరొచ్చింది. కడుపు కాలుతున్నవాడు కూలి పెంచమనాలి, రొట్టె ధర తగ్గించమనాలి. ఏటా ఎన్నికలు పెట్టమని ఎందుకు అడుగుతాడు? చూడ్డానికి అమాయకమైన ప్రశ్నే. దీనికి జవాబు వెతుకుతూ చరిత్రకారులు వందేళ్లు పోట్లాడుకున్నారు. ఆ పోట్లాటను మలుపు తిప్పింది గారెత్ స్టెడ్‌మన్ జోన్స్ 1982లో ప్రచురించిన ఒక వ్యాసం.

ఆయన చెప్పింది అర్థం కావాలంటే అంతకుముందు ఏమనుకునేవారో తెలియాలి. చార్టిజం మీద తొలి గట్టి అకడమిక్ పుస్తకాల్లో ఒకటి రాసిన మార్క్ హోవెల్ మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. పుస్తకం 1918లో, ఆయన పోయాకే వచ్చింది. ఆ తరం రాతల్లో కథ దాదాపు ఒకేలా ఉంటుంది. లండన్‌లో విలియం లోవెట్ అనే వడ్రంగి, నెమ్మదస్తుడు, చదువుతోనూ నచ్చజెప్పడంతోనూ హక్కులు సాధించాలనుకున్నవాడు. ఉత్తరాన ఫియర్గస్ ఓకానర్ అనే ఐరిష్ భూస్వామి, నోటి దురుసు మనిషి, జనాన్ని రెచ్చగొట్టేవాడు. మంచి ఉద్యమాన్ని ఓకానర్ పాడుచేశాడు. ఇక జనం ఎందుకు వచ్చారంటే ఆకలితో వచ్చారు. మిల్లులు నడిచి రొట్టె చౌకగా దొరికినప్పుడు ఇంటికి పోయారు. అంతే.

ఈ వాదానికి ఊతంగా చార్టిస్టుల నోటి మాటే దొరికింది. 1838 సెప్టెంబరులో మాంచెస్టర్ పక్కన కెర్సల్ మూర్ మైదానంలో జరిగిన సభలో జోసెఫ్ రేనర్ స్టీవెన్స్ అనే మెథడిస్టు బోధకుడు, సార్వత్రిక ఓటు హక్కంటే 'కత్తీ ఫోర్కుల ప్రశ్న, రొట్టె జున్నుల ప్రశ్న' అన్నాడు. మన భాషలో చెప్పాలంటే పప్పన్నం ప్రశ్న. పాఠ్యపుస్తకాలన్నీ ఈ వాక్యాన్ని పట్టుకుని ఊగాయి. చూశారా, ఓటు పైపూతే, అసలు సంగతి కూడు అని. నిజానికి స్టీవెన్స్ మాటల్లో ఆ రెండూ ఒకటేనన్న ధీమా ఉంది. ఒంటి మీద మంచి కోటు, తలదాచుకోను ఇల్లు, బల్ల మీద భోజనం ప్రతి పనివాడి హక్కు అంటూ ఆయన వాటిని ఓటుకు అర్థంగా చెప్పాడు. రెంటికీ ముడి ఎక్కడ పడిందో మాత్రం చాలాకాలం ఎవరూ తీరిగ్గా విప్పి చూడలేదు.

స్టెడ్‌మన్ జోన్స్ చేసిన పని అదే. ఆయన వామపక్ష మేధావి. 'న్యూ లెఫ్ట్ రివ్యూ' పత్రిక సంపాదకవర్గంలో చాలా ఏళ్లు ఉన్నాడు. అలాంటి మనిషి మార్క్సిస్టు చరిత్ర రచన మీదే అనుమానం లేవనెత్తడంతో రచ్చ పెద్దదైంది. ఆయన వాదన మొదలయ్యేది ఒక చిన్న గమనిక దగ్గర. చార్టిస్టులు ఏం మాట్లాడారో చూడకుండా, వాళ్ల మాటల వెనక ఏముందో చెప్పేయడానికి అందరూ ఎగబడ్డారు. ఆకలి అని ఒకరు, వర్గ చైతన్యమని ఇంకొకరు, యంత్రాల దెబ్బ అని మరొకరు. మాట పైన తొడుగు, లోపలేదో అసలు సరుకుంది అన్నట్టు. అలా కాక ఆ మాటలనే నమ్మి చదివితే ఏం కనిపిస్తుంది?

ఒక పాత నిఘంటువు కనిపిస్తుంది. అందులో పెట్టుబడిదారు పెద్ద విలన్ కాడు. పెద్ద విలన్ పార్లమెంటు. చార్టిస్టులకు చాలా ముందు నుంచే ఇంగ్లండ్ రాడికల్స్ 'ఓల్డ్ కరప్షన్' అనే మాట వాడేవారు. పాత దోపిడీ ముఠా అనుకోవచ్చు. ఇది ఊరికే తిట్టు అనుకుంటే పొరపాటు, దాని వెనక పక్కా లెక్క ఉంది. నెపోలియన్‌తో యుద్ధాలకు ప్రభుత్వం తెచ్చిన అప్పులు కొండలా పెరిగాయి. 1842 అర్జీ ఆ అప్పును 80 కోట్ల పౌండ్లని చెప్పింది. యుద్ధం ముగిశాక కొన్నేళ్లపాటు సర్కారు ఆదాయంలో సగానికి పైగా ఆ అప్పుల వడ్డీకే పోయేది. వడ్డీ పుచ్చుకునేవాళ్లు బాండ్లు కొన్న డబ్బున్నవాళ్లు. మరి కట్టేదెవరు? 1816లో పార్లమెంటు ఆదాయపు పన్ను ఎత్తేసింది. మిగిలినవి టీ, చక్కెర, సబ్బు, బీరు తయారీకి వాడే మాల్టు వంటి వాటి మీద పన్నులు. అంటే పనివాడు టీ తాగిన ప్రతిసారీ బాండున్న పెద్దమనిషికి వడ్డీ కట్టినట్టే. దానికి తోడు 1815 నాటి ధాన్యం చట్టాలు. బయటి దేశాల గోధుమను అడ్డుకుని భూస్వాముల ధాన్యానికి ధర నిలబెట్టాయి. రొట్టె ఎందుకు ప్రియమైందంటే పంట పండక కాదు, చట్టం వల్ల.

చట్టం, చట్టం, చట్టం. ఎటు తిరిగినా అదే గోడ. 1799, 1800లలో కార్మికులు సంఘం పెట్టుకోకుండా చట్టాలు చేశారు. 1824లో వాటిని రద్దు చేసినా, పదేళ్లకు డోర్సెట్ జిల్లా టోల్‌పడిల్ గ్రామంలో ఆరుగురు పాలేర్లు సంఘంలో చేరేటప్పుడు రహస్య ప్రమాణం చేశారని పాత చట్టం ఒకటి బయటికి తీసి ఏడేళ్ల ద్వీపాంతర శిక్ష వేశారు. అదే 1834లో కొత్త పేదల చట్టం వచ్చింది. పనిచేసే ఒంట్లో సత్తువున్నవాడికి ఇంటి దగ్గర సాయం ఆపేసి, సాయం కావాలంటే వర్క్‌హౌస్‌కు, అంటే పేదలను ఉంచి పనిచేయించే ఆశ్రమానికి రమ్మంది. అక్కడ మొగుణ్ని ఒక చోట, పెళ్లాన్ని ఒక చోట, పిల్లల్ని ఇంకో చోట ఉంచేవారు. జనం ఆ భవనాలను 'బాస్టీలు' అన్నారు. ఫ్రెంచి విప్లవంలో జనం కూల్చిన జైలు పేరది.

వీటన్నిటికంటే మంట పెట్టింది 1832 సంస్కరణ చట్టం. దానికోసం కార్మికులు కూడా మధ్యతరగతి వాళ్ల భుజం పట్టుకుని వీధుల్లోకి వచ్చారు. తీరా చట్టం వచ్చాక పట్నాల్లో ఏడాదికి పది పౌండ్ల అద్దె విలువ చేసే ఇల్లున్నవాడికే ఓటన్నారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఎదిగిన మగవాళ్లలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికే ఓటు దక్కింది. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే. పైగా, రెండేళ్లకు పేదల చట్టం తెచ్చింది ఆ సంస్కరణతో వచ్చిన పార్లమెంటే.

ఇప్పుడు అర్జీలోని అసలు వాక్యానికి రావచ్చు. 1842 అర్జీ కొన్ని గుత్తాధిపత్యాలను వరసగా చెబుతుంది. ఓటు మీద గుత్తాధిపత్యం, కాగితపు డబ్బు మీద, యంత్రాల మీద, భూమి మీద, పత్రికల మీద, మతపరమైన హక్కుల మీద, ప్రయాణ సాధనాల మీద గుత్తాధిపత్యం. ఇవన్నీ ఎక్కణ్నుంచి వచ్చాయంటే 'వర్గ శాసనం' నుంచి, అంటే ఒక వర్గం తనకోసం తానే చట్టాలు చేసుకోవడం నుంచి వచ్చాయంటుంది. జాబితాలో ఓటు మొదటిదని గమనించాలి. యంత్రం మూడోది. యంత్రం మీద కోపం లేదని కాదు. చేతిమగ్గం నేతగాళ్లు ఆ ఉద్యమానికి గుండెకాయ లాంటివాళ్లు. లాంకషైర్ మరమగ్గాలు మన తీరాంధ్ర నేతగాళ్ల నోటి దగ్గర కూడు లాక్కోవడానికి చాలా ముందే లాంకషైర్ నేతగాళ్ల నోటి దగ్గరిది లాక్కున్నాయి. అయినా ఆ నేతగాడి లెక్కలో మిల్లు యజమానికి ఆ బలం యంత్రం ఇవ్వలేదు, చట్టం ఇచ్చింది. చట్టం చేసే చోట పనివాడికి చోటుంటే యంత్రం అతని పని తేలిక చేస్తుంది, లేకపోతే అతని మెడ విరుస్తుంది. ముడి ఇక్కడ పడింది. ఆకలికి కారణం రాజకీయం అని నమ్మితే మందు కూడా రాజకీయమే అవుతుంది. ఓటు అడగడం దారి తప్పడం కాదు, వాళ్ల లెక్కలో అదే దగ్గరి దారి.

స్టెడ్‌మన్ జోన్స్ వాదనలో ఎక్కువమంది మెచ్చుకున్న భాగం ఇది కాదు, దీని తర్వాతిది. ఉద్యమం ఎందుకు పోయింది? కడుపు నిండి పోయిందన్నది పాత జవాబు. ఆయన జవాబు వేరు. 1841లో సర్ రాబర్ట్ పీల్ ప్రధాని అయ్యాడు. 1842లో ఏడాదికి 150 పౌండ్లకు పైబడ్డ ఆదాయాల మీద మళ్లీ ఆదాయపు పన్ను వేసి, వందల సరుకుల మీద సుంకాలు తగ్గించాడు. అదే ఏడు ఆడవాళ్లనూ పదేళ్లలోపు మగపిల్లలనూ గని లోపలి పనికి పంపకుండా చట్టం వచ్చింది. 1846లో ధాన్యం చట్టాలు ఎత్తేశారు. 1847లో బట్టల మిల్లుల్లో ఆడవాళ్లకు, 18 ఏళ్లలోపు వాళ్లకు పది గంటల పనిదినం వచ్చింది. ఓటు లేకుండానే ఇవన్నీ జరిగాయి. భూస్వాములు నిండిన పార్లమెంటే భూస్వాముల జేబుకు చిల్లు పెట్టే చట్టం చేసింది. మరి ప్రభుత్వమంటే దొంగల ముఠా అన్న మాట ఏమయ్యేట్టు? ఓల్డ్ కరప్షన్ అనే నిఘంటువులో ఇలాంటి ప్రభుత్వానికి మాటే లేదు. మాట పనికిరాకుండా పోయినప్పుడు ఆ మాట మీద నిలబడ్డ ఉద్యమం కూడా నిలువలేదు.

ఈ వాదనకు ఎదురులేదని కొంతకాలం అనుకున్నారు. కానీ జవాబు చెప్పినవాళ్లలో మొదట తలచుకోవలసిన మనిషి డొరొతీ థాంప్సన్. తమాషా ఏమిటంటే స్టెడ్‌మన్ జోన్స్ 1982 వ్యాసం తొలిసారి అచ్చయిన సంకలనానికి ఇద్దరు సంపాదకుల్లో ఆమె ఒకరు. తనకు నచ్చని వాదాన్ని తన పుస్తకంలోనే వేసి, రెండేళ్లకు 1984లో తన సొంత పుస్తకం తెచ్చింది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పేది. భర్త ఎడ్వర్డ్ థాంప్సన్ ఇంగ్లిషు కార్మికవర్గం గురించి 1963లో రాసిన లావాటి పుస్తకం జగత్ప్రసిద్ధం. ఆ పుస్తకం 1830ల మొదట్లో ఆగిపోతుంది. అక్కణ్నుంచి కథ ఎత్తుకున్నది డొరొతీ. పేరు మాత్రం ఎక్కువగా ఆయనకే వచ్చింది. చరిత్రకారుల చరిత్రలోనూ ఇది జరుగుతుంది.

ఆమె పద్ధతి వేరు. ఉపన్యాసాల కంటే ఊళ్లను చదివింది. ఎక్కడ చార్టిస్టు సంఘం ఉంది, ఎవరు నడిపారు, ఏ సారాయి దుకాణంలో కలిసేవారు, ఏ చర్చిలో పాటలు పాడేవారు, ఆడవాళ్లు ఏం చేసేవారు. ఆమె దొరికించుకున్న మనుషులు తమను తాము 'జనం' అనే చెప్పుకున్నా, ఎవరు తమవాళ్లో ఎవరు పైవాళ్లో వాళ్లకు స్పష్టంగా తెలుసు. మధ్యతరగతి సంస్కర్తలు సభలు పెడితే వెళ్లి గలాటా చేసేవారు. చర్చిలో ప్రత్యేక కుర్చీల్లో కూర్చునే పెద్దమనుషుల పక్కనే ఒకానొక ఆదివారం గుంపుగా వెళ్లి కూర్చునేవారు. ఆ కూర్చోవడం ఏ పత్రంలోనూ డిమాండుగా రాసి ఉండదు. మరి దాన్ని ఏ నిఘంటువులో వెతకాలి?

ఈ ప్రశ్నకు చక్కటి ఉదాహరణ 1986లో పాల్ పికరింగ్ అనే చరిత్రకారుడు చూపించాడు. ఓకానర్ రాజద్రోహపు రాతల కేసులో యార్క్ కోట జైల్లో ఉండి 1841 ఆగస్టు చివర విడుదలయ్యాడు. బయట వేలమంది ఎదురుచూస్తున్నారు. ఆయన బారిస్టరు, మాజీ ఎంపీ, తన వంశం ఐర్లండ్ రాజులదని గొప్పలు చెప్పుకునేవాడు. అలాంటివాడు జైలు గుమ్మం దాటింది ఫస్టియన్ సూటులో. ఫస్టియన్ అంటే ముతక నూలు బట్ట, మిల్లు కూలీలూ నేతగాళ్లూ తొడుక్కునేది. ఓకానర్ తన ఉత్తరాల్లో పాఠకులను ఎప్పుడూ 'ఫస్టియన్ కోట్లు, గీయని గడ్డాలు, బొబ్బలెక్కిన చేతులు' అని పిలిచేవాడు. ఆ రోజు దాన్ని ఒంటి మీద వేసుకుని వచ్చాడు. ఆ సూటు 'జనం' అనలేదు, 'కార్మికవర్గం' అనీ అనలేదు. అయినా చూసినవాళ్లకు అర్థం కానిదేమీ లేదు. తెలంగాణలో భుజాన గొంగడి వేసుకుని వేదిక ఎక్కిన మనిషి నోరు విప్పకముందే ఎవరి తరఫున వచ్చాడో చెప్పినట్టే. అచ్చయిన ఉపన్యాసాన్ని మాత్రమే చదివిన చరిత్రకారుడికి ఆ గుడ్డ కనపడదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఓకానర్ పత్రిక 'నార్తర్న్ స్టార్' 1837 నవంబరులో లీడ్స్ పట్నంలో మొదలైంది. ధర నాలుగున్నర పెన్నీలు. అర్జీలో చెప్పిన మూడు ముప్పావు పెన్నీల మనిషికి అది రోజు కూటి కంటే ఎక్కువ. అందుకే పది మంది చందా వేసుకుని ఒక ప్రతి కొనేవారు, అక్షరం వచ్చినవాడు గట్టిగా చదివేవాడు, మిగతావాళ్లు బీరు గ్లాసుల మధ్య వినేవారు, మధ్యలో ఆపి వాదించుకునేవారు. మన రచ్చబండల దగ్గరా టీ కొట్ల దగ్గరా పేపరు చదవడం గుర్తున్నవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. చదివిన దానికి, వినిపించిన దానికి మధ్య తేడా ఎంత? గ్రంథాలయంలో మౌనంగా ఆ పత్రిక తిరగేసే పరిశోధకుడు వింటున్నది సగం సంభాషణే. స్టెడ్‌మన్ జోన్స్ వాదంలో ఇది నిజమైన లోటు. భాష అంటూ ఆయన చూసింది ఎక్కువగా అచ్చు భాష.

1842 వేసవిలో జరిగింది కూడా ఒక్క వాదంలో ఇమడదు. అర్జీని కామన్స్ సభ 287-49 ఓట్లతో కొట్టేసింది. ఆగస్టులో కూలి కోతల మీద సమ్మెలు చెలరేగాయి. లాంకషైర్ మిల్లుల్లోకి గుంపులుగా వెళ్లి బాయిలర్ల బిరడాలు లాగేస్తే ఆవిరి పోయి యంత్రాలు ఆగిపోయేవి. ప్రెస్టన్‌లో సైనికుల కాల్పుల్లో నలుగురు చనిపోయారు. కూలి కోసం మొదలైన ఆ సమ్మెలో, మాంచెస్టర్‌లో కలిసిన కార్మిక సంఘాల ప్రతినిధులు చార్టర్ చట్టం అయ్యేదాకా పనిలోకి పోవద్దని తీర్మానించారు. కూలి కోత నుంచి చార్టర్‌కు ఇంత తొందరగా ఎలా దూకారంటే, ఆ వంతెన ముందే కట్టి ఉంది. అంతవరకు స్టెడ్‌మన్ జోన్స్ చెప్పింది నిజం. ఆ వంతెన మీద నడిచినవాళ్లెవరో, ఏ సంఘం పేరుతో నడిచారో తెలియాలంటే డొరొతీ థాంప్సన్ దగ్గరికి పోవాలి. ఇద్దరిలో ఒకర్ని ఎంచుకోమనే సెమినారు పోటీ వల్ల చాలా కాగితం ఖర్చయింది తప్ప పెద్దగా ఒరిగిందేమీ లేదు.

అదే అర్జీ మీద సభలో మాట్లాడినవాళ్లలో మనకు బాగా తెలిసిన పేరొకటుంది. థామస్ మెకాలే. 1834 నుంచి 1838 దాకా కలకత్తాలో గవర్నర్ జనరల్ మండలిలో ఉండి, 1835లో ఇంగ్లిషు చదువుల మీద ప్రసిద్ధమైన ఆ నోట్ రాసి, తర్వాత శిక్షా స్మృతి ముసాయిదా తయారుచేసి వెనక్కి వెళ్లిన మెకాలేయే. 1842 మే 3న ఆయన వాదం సూటిగా ఉంది. చార్టర్‌లో మిగతావాటిలో కొన్ని తనకూ ఇష్టమేనన్నాడు. సార్వత్రిక ఓటు మాత్రం నాగరికత ఉనికితోనే పొసగదన్నాడు. ఎందుకంటే నాగరికత ఆస్తి భద్రత మీద నిలబడి ఉంది, ఆస్తి లేనివాళ్ల చేతికి రాజ్యం ఇస్తే ఆస్తి మిగలదు. ఇక్కడ చరిత్రకారులు కూడా ఎక్కువగా తడమని సంగతి ఒకటి కనిపిస్తుంది. ఓటుకూ రొట్టెకూ సంబంధముందని చార్టిస్టులతో పాటు మెకాలే కూడా నమ్మాడు. ఆ సంబంధం చూసే ఆయన భయపడ్డాడు. వాళ్ల మాటను ఆ సభలో అందరికంటే సీరియస్‌గా తీసుకున్న మనిషి బహుశా ఆయనే.

ఇండియాతో లంకె అక్కడితో తెగలేదు. చార్టిస్టుల చివరి తరం నాయకుడు ఎర్నెస్ట్ జోన్స్, లాయరూ కవీ, మార్క్స్‌కు పరిచయస్తుడు, 1848లో అరెస్టయి రెండేళ్లు జైల్లో ఉన్నాడు. 1857 తిరుగుబాటు వచ్చినప్పుడు లండన్ పత్రికలు చాలావరకు ప్రతీకారం అంటూ ఊగిపోతుంటే, ఆయన తన 'పీపుల్స్ పేపర్'లో తిరగబడ్డవాళ్ల పక్షాన రాశాడు. కంపెనీ భూమి లాక్కుంది, సంపద తోడుకుపోయింది, అలాంటి పాలన మీద తిరగబడే హక్కు ఎవరికైనా ఉంటుందన్నది ఆయన తర్కం. ఓల్డ్ కరప్షన్ నిఘంటువు పీల్ చట్టాల తర్వాత ఇంగ్లండ్‌లో పాతబడి ఉండొచ్చు. ఈస్టిండియా కంపెనీకి మాత్రం కుట్టించినట్టు సరిపోయింది. ప్రభుత్వం మెత్తబడ్డది ఎవరి విషయంలో, ఎక్కడ అన్న ప్రశ్నను 1982 వ్యాసం పెద్దగా పట్టించుకోలేదు.

ఇక 1842 తర్వాతి పెద్ద అర్జీ. 1848 ఏప్రిల్ 10. ఫిబ్రవరిలో పారిస్‌లో రాజు పారిపోయాడు, యూరప్ అంతా అంటుకుంది. లండన్‌లో కెన్నింగ్టన్ మైదానంలో చార్టిస్టుల సభ. నెపోలియన్‌ను ఓడించిన ముసలి వెల్లింగ్టన్ ప్రభువుకు రక్షణ ఏర్పాట్లు అప్పజెప్పారు, వేలాదిమంది పెద్దమనుషులు స్పెషల్ కానిస్టేబుళ్లుగా లాఠీలు పట్టుకున్నారు. ఆ రోజు తీసిన ఫొటో ఇప్పటికీ ఉంది, జనసమూహాన్ని తీసిన తొలి ఫొటోల్లో అదొకటి. సభ గొడవ లేకుండా ముగిసింది, అర్జీ గుర్రబ్బండిలో పార్లమెంటుకు చేరింది. సంతకాలు 57 లక్షలని ఓకానర్ చెప్పాడు. మూడో రోజుకల్లా సభ కమిటీ లెక్క తేల్చింది. 19,75,496. అందులోనూ 'విక్టోరియా', 'వెల్లింగ్టన్ ప్రభువు', 'చప్పిడి ముక్కు' లాంటి సంతకాలు ఉన్నాయని చదివి వినిపిస్తే సభ పగలబడి నవ్వింది. చార్టిజం నవ్వులపాలై చచ్చిపోయిందని చాలా పుస్తకాలు రాసింది ఈ నవ్వు గురించే.

ఆ లెక్కను కాస్త దగ్గరగా చూద్దాం. కమిటీ చెప్పిన ప్రకారం లెక్కపెట్టింది 13 మంది గుమాస్తాలు, 17 గంటలకు పైగా. 13ను 17తో గుణిస్తే 221 గంటలు. సంతకాలను ఆ గంటలతో భాగిస్తే గుమాస్తాకు గంటకు దాదాపు 8,900. నిమిషానికి 149. అంటే తిండీ నిద్రా లేకుండా ఒక్కొక్కడూ సెకనుకు రెండున్నర సంతకాలు చూసి, దొంగవేవో అసలువేవో తేల్చాడన్నమాట. పల్లెటూరి చేతిరాతలు, మరకలు, అతుకులు ఉన్న కాగితం మీద. ఓకానర్ అంకె నమ్మదగ్గది కాదు, ఆయన అతిశయోక్తులకు అలవాటుపడ్డ మనిషే. కానీ ఈ రెండో అంకె కూడా అంతకంటే గట్టిది కాదు. అయినా గెలిచింది ఇదే. అదే నివేదికలో ఇంకో వాక్యం ఉంది. ప్రతి లక్ష సంతకాల్లో 8,200 ఆడవాళ్లవట. దాన్ని అర్జీ విలువ తగ్గించే లోపంగా చెప్పారు. చార్టర్ ముసాయిదాలో మొదట ఆడవాళ్ల ఓటు కూడా ఉండేదని, తర్వాత తీసేశారని లోవెట్ చెప్పాడు. చార్టర్ వాళ్లను వదిలేసినా, ఆ ఆడవాళ్లు సంతకాలు పెట్టారు. ఆ సంగతి ఇవాళ మనకు తెలియడానికి కారణం వాళ్లను ఎగతాళి చేయడానికి రాసిన నివేదిక.

ఆ ఏడాది అరెస్టయినవాళ్లలో విలియం కఫే ఒకడు. లండన్ దర్జీ, నల్లజాతివాడు, తండ్రి వెస్టిండీస్‌లోని సెయింట్ కిట్స్ నుంచి వచ్చిన మాజీ బానిస. అరవయ్యో ఏట యావజ్జీవ ద్వీపాంతర శిక్ష వేసి టాస్మేనియా పంపారు. 1856లో క్షమాభిక్ష వచ్చింది, వెనక్కి పోవచ్చన్నారు. పోలేదు. హోబర్ట్ పట్నంలో బట్టలు కుట్టుకుంటూ, యజమాని మాట వినని పనివాణ్ని జైలుకు పంపే అక్కడి చట్టాన్ని మార్చాలని సభల్లో మాట్లాడుతూ తిరిగాడు. 1870లో అక్కడే, దిక్కులేనివాళ్ల ఆశ్రమంలో చనిపోయాడు. ఆ చట్టంలో కొన్ని మార్పులు అప్పటికే వచ్చాయి.